నడుము మా శాఖ కిందికి రాదు

వచ్చే ఉగాది నాటికి విశాఖపట్నం జిల్లాలో లావు అన్నది కనబడదని దేహదారుఢ్య శాఖ మంత్రి కృష్ణంరాజు గారు ప్రకటించారు. కనబడితే బాధ్యుల మీద కఠిన చర్యలుంటాయని కూడా అన్నారు. బాధ్యులు ఎవరో చెప్పలేదు. అంత పెద్ద ప్రకటనలో అలాంటి చిన్న విషయాలకు చోటుండదు.

దేహదారుఢ్య శాఖ అంతకుముందు లేదు. మంత్రులందరికీ శాఖలు పంచేశాక కృష్ణంరాజు గారు ఒక్కరూ మిగిలిపోతే, ఆయన చిన్నబుచ్చుకోకూడదని దాన్ని పుట్టించారు. పుట్టిన శాఖకి పని కావాలి గనక ఆయన విదేశీ పర్యటనకు వెళ్ళి బీఎంఐ పట్టుకొచ్చారు. మనిషి బరువుని అతని ఎత్తుతో ఒకసారి భాగించి, అది చాలక అదే ఎత్తుతో ఇంకోసారి భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది ఇరవై అయిదు లోపుంటే ఆరోగ్యం. దాటితే అనారోగ్యం.

"సూదక్కర్లేదు, రక్తమక్కర్లేదు, డాక్టరు అసలే అక్కర్లేదు. రెండంకెలుంటే మనిషి కూడా అక్కర్లేదు," అని ఆయన విలేకరులకు వివరించారు. ఖర్చు లేని శాస్త్రాన్ని మొదటిసారి చూసిన విలేకరులు చప్పట్లు కొట్టారు.

మంత్రిగారి సొంత అంకె ఇరవై రెండు పాయింటు నాలుగు. ఆయన మెడ సన్నం, చేతులు సన్నం, పంచె అంచు కింద కనబడే కాళ్ళు మరీ సన్నం. పైన ఎప్పుడూ వదులు లాల్చీ వేసుకుంటారు. కనబడని చోట కూడా ఆయన సన్నంగానే ఉంటారని ప్రజలు నమ్మేవారు. ప్రజాస్వామ్యంలో ఆ మాత్రం నమ్మకం ఉండాలి.

ఈ ప్రకటనంతా ప్రేమలీల తన కుట్టుమిషను ముందు కూర్చునే వింది. మద్దిలపాలెం బస్సు డిపో ఎదుటి సందులో ఆమె దుకాణం. పక్క టీకొట్టు టీవీ ఆ సందు మొత్తానికీ ఒకటే. ప్రేమలీల పాంట్లు బాగా కుడుతుంది. ఆల్టరేషన్లు ఇంకా బాగా చేస్తుంది. ఇవి కాక ఇంకో పని కూడా ఆమె చేతికి వచ్చింది. చర్చి సంఘంలో ఎవరైనా కన్నుమూస్తే, ఆ ఇంటివాళ్ళు పెళ్ళినాటి కోటు పట్టుకుని ఆమె దగ్గరికే పరిగెత్తుకొస్తారు. పెట్టెలో పడుకున్న మనిషికి కోటు తొడగడం తేలిక కాదు, పైగా పెళ్ళినాటి కోటు ఎవరికీ పట్టదు. ప్రేమలీల కోటు వీపుని నిలువునా కోసి, ముందునుంచి రెండు చేతులకీ తొడిగి, బొత్తాలు పెట్టి, అంచులు కిందికి దోపేస్తుంది. చూడవచ్చిన వాళ్ళు 'పెళ్ళికొడుకులా ఉన్నాడమ్మా' అని ఏడుస్తారు. వీపు ఎవరూ చూడరు.

ఆ సాయంత్రం ఆమె మొగుడు యేసుదానం డ్యూటీ నుంచి వచ్చి, దుకాణం గుమ్మంలో పీట మీద కూలబడ్డాడు. అతను కూర్చుంటే గుమ్మం నిండిపోతుంది. అతను పోర్టులో తాళ్ళ గ్యాంగులో పనిచేస్తాడు. ఓడ రేవు గట్టుకి చేరగానే దాని మీంచి పడేసే తొడంత తాళ్ళని నీళ్ళలోంచి లాగి ఇనప గుంజలకి తగిలించే పని. ఆ పని చేసిన ఒళ్ళు రాయిలా ఉంటుంది, రాయిలాగే బరువు కూడా ఉంటుంది.

"ఏటయ్యా, మొకం అలగున్నాది?" అంది ప్రేమలీల.

"పచ్చకార్డు కావాలంటన్నారే."

"పచ్చకార్డేటి?"

"బీఎంఐ కార్డు. గేటుకాడ రేపు కేంపు పెట్టి తూస్తారంట. పచ్చకార్డొస్తే పాసు రెన్యువలు సేస్తారు. ఎర్రకార్డొస్తే ఇంటికి పొమ్మంటారు. మా ఓడల బెర్తు కంపెనీ వోడు మంత్రికి మాటిచ్చీసినాడట, మా గేటు లోపల లావు లేదని."

ప్రేమలీల మిషను తొక్కడం ఆపింది. ఆ పాసు లేకపోతే పోర్టు గేటు దాటనివ్వరు. గేటు దాటకపోతే గ్యాంగులో చోటు ఉండదు. ఆ చోటు కోసం గేటు బయట ఎంతమంది నిలబడి ఉన్నారో ఆమెకి తెలుసు.

"నీకేటి రోగం? మొన్న కంపెనీ ఆస్పత్రిలోనే కదా అన్నీ సూసేరు. సుగరు లేదు, బీపీ లేదు, కొవ్వు కూడా బాగున్నాదన్నారు."

"ఆల్లు రక్తం సూసేరు. ఈల్లు కాటా సూస్తారు."

మర్నాడు పోర్టు గేటు దగ్గర షామియానా వేశారు. ఒక కాటా, ఒక వెదురు గడ. గడ మీద అడుగులూ అంగుళాలూ గీశారు. బల్ల వెనక జాయింట్ డైరెక్టరు శ్రీనివాసరావు గారు కూర్చున్నారు. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మర్యాదస్తుడు. ఎవరికి ఎర్రకార్డు ఇచ్చినా రెండు చేతులతో ఇచ్చేవారు.

యేసుదానం కాటా ఎక్కాడు. తొంభై అయిదు కిలోలు. గడ పక్కన నిలబడ్డాడు. అయిదడుగుల ఏడంగుళాలు. కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించి ముప్ఫై రెండు పాయింటు ఎనిమిది అంది.

"మీరు అనారోగ్యం అండి," అన్నారు శ్రీనివాసరావు గారు, రెండు చేతులతో ఎర్రకార్డు ఇస్తూ.

"నాకేటి రోగం బాబూ?"

"రోగం సంగతి నాకు తెలీదండి. అనారోగ్యం మాత్రం ఖాయం అండి."

అతని వెనక మణికంఠ నిలబడ్డాడు. అదే గ్యాంగులో లెక్కలు చూసే ఉద్యోగం, కుర్చీలో కూర్చుని. కట్టెపుల్లల్లాంటి చేతులు, కాళ్ళు. వాటి మధ్య, బెల్టు మీద నుంచి ముందుకి వేలాడే కుండలాంటి పొట్ట. రెండేళ్ళుగా సుగరు మాత్రలు మింగుతున్నాడు. కాటా ఎక్కగానే ఇరవై రెండు పాయింటు నాలుగు వచ్చింది. శ్రీనివాసరావు గారు లేచి నిలబడ్డారు.

"సార్! ఇది మంత్రిగారి అంకె అండి!"

మణికంఠకి పచ్చకార్డుతో పాటు 'ఆదర్శ దేహం' అని చెక్కిన పతకం కూడా మెడలో వేశారు. ఫొటో తీశారు. ఫొటోగ్రాఫరు పొట్ట ఫ్రేములోకి వస్తోందని కెమెరాని కొంచెం పైకి ఎత్తాడు.

"సూసినావా బావా," అన్నాడు మణికంఠ బయటికొస్తూ, "నానూ మంత్రీ ఒకటే నంబరు. నువ్వు తినడం తగ్గించాల బావా. ఒంటి మీద శ్రద్ధుండాల."

"అవున్రా," అన్నాడు యేసుదానం. అంతకుముందు రోజే మణికంఠ సైకిలు పంక్చరైతే, మనిషినీ సైకిల్నీ కలిపి గేటు దాకా మోసుకొచ్చింది తనేనని అతనికి గుర్తు రాలేదు.

రెండు రోజుల తర్వాత మణికంఠ పాంటు పట్టుకుని ప్రేమలీల దుకాణానికి వచ్చాడు. మెడలో పతకం ఉంది.

"అక్కా, నడుం కాస్త వొదులు సెయ్యాల."

"మొన్న దీపావళికి సేసినాను కదేటి?"

"గుడ్డ కుదించుకుపోతన్నాదక్కా. ఇప్పటి గుడ్డలకి నాణ్యం లేదు."

ప్రేమలీల టేపు తీసి అతని నడుముకి చుట్టింది. లోపల మడిచి ఉంచిన గుడ్డ అంతా వదిలేసినా ఇంకో అంగుళం చాలదు. ఆమె కుట్టు విప్పుతూ ఉండగానే అతని పెళ్ళాం ధనశ్రీ రొప్పుకుంటూ వచ్చింది.

"వదినా, నువ్వైనా సెప్పు. పతకం వొచ్చిన కాణ్ణించి మాత్రలు మానీసినాడు."

"నాకెందుకే మాత్రలు? ఆదర్శ దేహం. సదువుకో." అతను పతకం ఎత్తి చూపించాడు. "మంత్రి మింగుతన్నాడేటి? ఆయనా నానూ ఒకటే నంబరు."

"నంబరు మింగితే సుగరు తగ్గుతాదేటి!"

"గవర్నమెంటు కన్నా నీకెక్కువ తెలుసేటే?"

ధనశ్రీ ప్రేమలీల వైపు చూసింది. ప్రేమలీల తలెత్తకుండా కుట్టు విప్పుతూనే ఉంది, ఎందుకంటే మర్నాడు ఆమె ఆ గవర్నమెంటు దగ్గరికే వెళ్ళాలి.

మొగుడి రక్తపరీక్ష రిపోర్టులు కొంగులో చుట్టుకుని ఆమె శ్రీనివాసరావు గారి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించారు, మంచినీళ్ళు ఇప్పించారు, రిపోర్టులన్నీ శ్రద్ధగా చదివారు.

"చాలా బావున్నాయమ్మా. ఇలాంటి రిపోర్టు నాక్కూడా లేదు."

"అయితే పచ్చకార్డు ఇయ్యండి బాబూ."

"ఎలాగమ్మా? మా కంప్యూటర్లో రిపోర్టుకి గడి లేదే. ఎత్తుకొకటి, బరువుకొకటి, అంతే."

ప్రేమలీల సంచీలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ నడుం కొలవండి బాబూ. మా ఆయన్నీ ఆ మణికంఠనీ పక్కపక్కన నిలబెట్టి కొలవండి. కండ ఎక్కడున్నాదో, పొట్ట ఎక్కడున్నాదో కంటికి అగుపిస్తాది కదా."

శ్రీనివాసరావు గారు ఆ టేపుని పామును చూసినట్టు చూసి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"నడుము మా శాఖ కిందికి రాదమ్మా."

"మరే శాఖ కిందికొస్తాది?"

"అది ఇంకా తేలలేదు. ఫైలు నడుస్తోంది. వైద్యశాఖ వాళ్ళు మాది కాదన్నారు. జౌళిశాఖ వాళ్ళయితే బెల్టు వరకే మాది అన్నారు. తేలేదాకా రాష్ట్రంలో ఎవరికీ నడుము లేనట్టే లెక్క."

ఆమె టేపు చుట్టి సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది. మెట్ల దగ్గర నాగవంశీ నిలబడి ఉన్నాడు. మంత్రిగారి పార్టీకి ఆ వార్డు యువజన నాయకుడు. తెల్లచొక్కా, చేతికి దారాలు, చెవిలో ఫోను. ఆ ఆఫీసులో జరగని పనులన్నీ ఆ మెట్ల మీద జరుగుతాయి.

"ఏటక్కా, అవ్వలేదా?"

"ఎలగవుతాది నాయనా? పాతిక కిలోలు తగ్గాలంట నెలాకరికి."

"బరువెందుకక్కా తగ్గించుకోడం? బరువు దేవుడిచ్చింది. ఎత్తు గవర్నమెంటిస్తాది. రేపు మళ్ళీ కేంపుకి తీసుకురా."

"ఊరకనే?"

"మన మంత్రిగారి పెరేడున్నాది బీచ్ రోడ్డులో. కుట్టుపని నువ్వు సెయ్యాల. బావ అందులో నడవాల. అంతే."

మర్నాడు కేంపులో వెదురు గడ అక్కడే ఉంది గానీ, రాత్రికి రాత్రి దాన్ని పదంగుళాలు భూమిలోకి పాతేశారు. యేసుదానం దాని పక్కన నిలబడ్డాడు. ఆరడుగుల అయిదంగుళాలు. కంప్యూటరు ఇరవై నాలుగు పాయింటు ఎనిమిది అంది. శ్రీనివాసరావు గారు రెండు చేతులతో పచ్చకార్డు ఇస్తూ, "మీరు కోలుకున్నారండి," అన్నారు. ఆ కళ్ళలో నిజమైన సంతోషం ఉంది.

ఇంటికొచ్చి యేసుదానం కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబద్ధం కాదేటే ఇది? ఆదివారం చర్చిలో ఎలాగ నిలబడీది?"

"నువ్వేటైనా అన్నావా? నిలబడమంటే నిలబడినావు. ఆ గడంది."

"ఆరడుగుల అయిదంట!" అతను గుమ్మం వైపు చూశాడు. ఆ గుమ్మం కిందనుంచి అతను రోజూ తల వంచకుండానే వస్తాడు. ఆ పూట మాత్రం బయటికి వెళ్ళేటప్పుడు ఎందుకైనా మంచిదని తల వంచి వెళ్ళాడు.

పాతిన గడని మళ్ళీ ఎవరూ పైకి లాగలేదు. యేసుదానం గ్యాంగంతా కోలుకుంది. తర్వాత గాజువాక వాళ్ళు కోలుకున్నారు. ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్ళు వ్యానుల్లో వచ్చి కోలుకున్నారు. యారాడ నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు గంపలతో సహా వచ్చి, గంపలు దించకుండానే కోలుకున్నారు. జిల్లాలో లావు తగ్గిపోవడమే కాక, మంత్రిగారి హయాంలో జనం సగటున పదంగుళాలు ఎదిగినట్టు శాఖ నివేదిక ఇచ్చింది. 'ఎదుగుతున్న విశాఖ' అని పత్రికలు రాశాయి. ప్రతిపక్షం వాళ్ళు ఈ ఎదుగుదల తమ హయాంలోనే మొదలైందన్నారు.

ఈ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో ఆదర్శ దేహాల పెరేడు పెట్టారు. మంత్రిగారితో సహా అందరికీ ఒకే రకం ఆకాశం రంగు కోటూ పాంటూ. కుట్టే పని ప్రేమలీలకూ ఇంకొందరు టైలర్లకూ వచ్చింది. గుడ్డ తానులతో పాటు కార్డుల కట్ట, కంప్యూటరు తీసిన కొలతలు వచ్చాయి. ఇంత ఎత్తుకి ఇంత కాలు, ఇంత బీఎంఐకి ఇంత నడుము.

"మనుషుల్ని పిలిస్తే టేపు పెట్టి కొలిసీసుకుంటాను కదండి," అంది ప్రేమలీల.

"కార్డు చూసి కుట్టమ్మా. మనిషిని చూస్తే తేడాలొస్తాయి," అన్నారు శ్రీనివాసరావు గారు.

"పోనీ మంత్రిగారిదైనా..."

"అసలు మాట్లాడకు. మంత్రిగారి నడుముకి సెక్యూరిటీ క్లియరెన్సు లేదు."

ఆమె కార్డులు చూసే కుట్టింది. యేసుదానం పాంటు మిషను మీంచి జారి గుమ్మం దాటి సందులోకి పాకితే, టీకొట్టుకి వచ్చినవాళ్ళు దాని మీంచి అడుగేసి వెళ్ళారు. మణికంఠ పాంటు మాత్రం ఆమె చేతిలో చిన్నపిల్లవాడి నిక్కరులా ఉంది. మంత్రిగారిది కూడా అంతే ఉంది. నంబరు ఒకటే కదా.

పెరేడు రోజు పొద్దున్న బీచ్ రోడ్డంతా ఆకాశం రంగైపోయింది. ఆదర్శ దేహాలన్నీ రెండు చేతులతో పాంట్లు పైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాయి. కాళ్ళ దగ్గర మిగిలిన గుడ్డని కొందరు మడిచారు, కొందరు మేజోళ్ళలోకి దోపారు. నడుములు పట్టని వాళ్ళు తాళ్ళు కట్టుకున్నారు. తాళ్ళ గ్యాంగు గనక యేసుదానం స్నేహితులకి ఆ విషయంలో ఇబ్బంది రాలేదు. మణికంఠ బొత్తాలు పట్టక కోటుని చేత్తో మూసి పట్టుకుని, పతకం దాని మీద అడ్డం వేసుకున్నాడు. పొద్దున్నుంచి మూడు సీసాల నీళ్ళు తాగాడు. ఇంకా దాహమే అంటున్నాడు.

"ఎండ," అన్నాడు ధనశ్రీతో.

"ఎండ కాదు, మాత్రలు మానీసినావు కదా," అంది ధనశ్రీ.

అప్పుడే నాగవంశీ పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, అర్జెంటుగా రావాల. సూదీ దారం తెచ్చుకో. మాటాడకు."

స్టేజీ వెనక చిన్న గుడారంలో మంత్రి కృష్ణంరాజు గారు బనీనుతో నిలబడి ఉన్నారు. చుట్టూ సెక్యూరిటీ వాళ్ళు గుడారం గోడల వైపు తిరిగి నిలబడ్డారు. ప్రేమలీల ఆయన్ని లాల్చీ లేకుండా మొదటిసారి చూసింది. మణికంఠే నిలబడ్డాడేమో అనుకుంది. అవే పుల్లల్లాంటి చేతులు, అదే కుండ. ఆయన పక్కన కూడా మూడు ఖాళీ నీళ్ళ సీసాలున్నాయి.

"ఏటమ్మా ఇలాగ కుట్టీసినావు? బొత్తానికీ కాజాకీ మధ్య జానెడున్నాది."

"కార్డు సూసి కుట్టినానండి."

మంత్రిగారు ఆమె వైపు చూశారు. బయట మైకులో ఆయన పేరు పదే పదే చెబుతున్నారు.

"అంటే కార్డు తప్పంటావా?"

గుడారంలో ఎవరూ ఊపిరి తీయలేదు. కార్డు తప్పంటే, అన్ని కార్డులూ తప్పే. గడ తప్పు, పదంగుళాలు తప్పు. యేసుదానం మళ్ళీ అయిదడుగుల ఏడు. పోర్టు గేటు బయట నిలబడ్డ వాళ్ళలో ఇంకొకడు. గుడారం సందులోంచి అతను కనిపిస్తున్నాడు, తన పొడుగు పాంటు తానే తొక్కుకుంటూ.

"గుడ్డ తప్పండి," అంది. "ఇప్పటి గుడ్డలకి నాణ్యం లేదండి. కుదించుకుపోతన్నాయి."

గుడారం ఊపిరి పీల్చుకుంది.

"మరిప్పుడేటి సేత్తావు?"

ఆమె సంచీలోంచి కత్తెర తీసింది. ఆ పని ఆమె చేతులకి అలవాటే. కోటు వీపుని కాలరు కింద నుంచి అంచు దాకా నిలువునా కోసింది. "చేతులు ముందుకి సాచండి బాబూ," అంది. ముందునుంచి తొడిగింది. బొత్తాలు హాయిగా పట్టాయి. పాంటు వెనక కుట్టు కూడా విప్పి, అడ్డంగా నాడా వేసి కట్టింది. అంచులు లోపలికి దోపింది. కాలరు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. పెళ్ళికొడుకులా ఉన్నారు. ఎందుకో చెయ్యి దానంతట అదే సిలువ గుర్తు వేయబోతే, కొంగు సర్దుకుంటున్నట్టు ఆపుకుంది.

"ఏం ఐడియా అక్కా!" అన్నాడు నాగవంశీ.

"వెనక్కి మాత్రం తిరక్కండి బాబూ. ముందునుంచి సూసీవాల్లకి ఏటీ తెలీదు."

"వెనక్కి తిరగడం మా పార్టీలో లేదమ్మా," అన్నారు మంత్రిగారు, కొత్త ఉత్సాహంతో.

వేదిక మీదికి ఆయన జనం వైపు మొహం పెట్టి, పక్కకి పక్కకి నడుస్తూ ఎక్కారు. ముందుగా, జిల్లాలో అందరికన్నా ఎత్తయిన ఆదర్శ దేహానికి సన్మానం. యేసుదానాన్ని పిలిచారు. మంత్రిగారి చేతిలో అతని కార్డు ఉంది. ఆయన కార్డు చూసి, తలెత్తి, యేసుదానం తల మీద పదంగుళాల పైన ఉన్న గాలిలోకి చూశారు.

"ఏం ఎత్తయ్యా!" అన్నారు.

దండ వెయ్యడానికి స్టూలు తెచ్చారు. మంత్రిగారు స్టూలెక్కారు. ఎక్కాక యేసుదానం కిందికి కనిపించాడు. వంగి వేస్తే నాడా ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒక అధికారికి సమయానికి బుద్ధి పుట్టి యేసుదానానికి కూడా ఒక స్టూలు తెచ్చాడు. ఇద్దరూ స్టూళ్ళ మీద సమానమయ్యారు. దండ పడింది. చప్పట్లు మోగాయి.

తర్వాత మంత్రిగారు స్టూలు దిగకుండానే తన జీవితానుభవం చెప్పారు. "నాను ఆటోనగర్లో లారీలు నడిపినోణ్ణి. ఒకపాలి నా లారీ కాటాలో రైటు బరువే సూపించింది. ఒక్క కిలో ఎక్కువ లేదు. కానీ ఆ తిక్క కలాసీలు లోడంతా ఒక్కపక్కనే పేర్చీసినారు. మలుపులో పల్టీ కొట్టీసింది. అప్పుడు నాకేటి తెలిసింది? కలాసీలకి క్రమశిక్షణ ఉండాల!"

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో మంత్రిగారి వెనక, ఆయన నిలువెత్తు బొమ్మ వేసిన తెర అవతల, దబ్బున ఏదో పడిన చప్పుడైంది. ఆ వెంటనే ధనశ్రీ కేక.

వేదిక మీదున్న వాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. మంత్రిగారు తిరగలేదు. తిరగడానికి వీల్లేదు. ఆయన జనం వైపే చూస్తూ క్రమశిక్షణ గురించే మాట్లాడారు.

యేసుదానం స్టూలు మీంచి దూకి, పాంటు మోకాళ్ళ దాకా గుంజుకుని, తెర వెనక్కి పరిగెత్తాడు. మణికంఠ నేల మీద పడి ఉన్నాడు. పతకం మొహం మీద పడింది. యేసుదానం అతన్ని ఓడ తాడు చుట్టలా భుజాన వేసుకున్నాడు. అంబులెన్సు రోడ్డుకి ఆ చివర, ఫొటోగ్రాఫర్లకి అందంగా కనబడేచోట పెట్టారు. అంతదూరమూ దండతోనే పరిగెత్తాడు. వెనకే ధనశ్రీ, ఆమె వెనక ప్రేమలీల. "మంత్రిగారి స్ఫూర్తితో ఆదర్శ దేహాల పరుగు మొదలైంది!" అని మైకులో చెప్పారు.

ఆస్పత్రిలో వేలికి సూది గుచ్చి చూస్తే, మిషను అంకె చూపించడం మానేసి 'హై' అని మాత్రం చూపించింది.

"మాత్రలు వాడటం లేదా?" అంది డాక్టరమ్మ.

"మానీసినాడమ్మా," అంది ధనశ్రీ.

"ఎందుకు మానేశాడు?"

ధనశ్రీ పతకం చూపించింది. డాక్టరమ్మ దాన్ని చదివి, వెనక్కి ఇచ్చేసి, సెలైను ఎక్కించింది.

దండ ఇంకా మెడలోనే వేసుకుని బల్ల మీద కూర్చున్న యేసుదానం బీపీ కూడా నర్సు చూసింది, పరిగెత్తుకొచ్చాడు కదా అని. బావుంది.

సాయంత్రానికి శాఖ ప్రకటన వచ్చింది. 'ఆదర్శ దేహం గల శ్రీ మణికంఠ ఆరోగ్యంపై వదంతులు నమ్మవద్దు. ఆయన బీఎంఐ నిక్షేపంగా ఉంది. ఐసీయూలో చేరాక రెండు కిలోలు తగ్గడంతో అది ఇరవై ఒకటి పాయింటు ఏడుకి మెరుగుపడింది.' ప్రకటనతో పాటు ఇంకో పతకం కూడా మంచం దగ్గరికి వచ్చింది. మణికంఠ కళ్ళు తెరిచేసరికి మెడలో ఏదో బరువుగా ఉంది. ధనశ్రీ పతకం ఊడబీకి, దాని రిబ్బనుకి మాత్రల డబ్బా కట్టి వేసింది.

"ఇది తీసినావంటే సూడు," అంది.

"తియ్యనే," అన్నాడు మణికంఠ. మళ్ళీ, "మంత్రికెలాగున్నాదే? ఆయనా నానూ ఒకటే నంబరు," అన్నాడు.

మంత్రిగారికి అద్భుతంగా ఉంది. పెరేడు ముగిశాక ఆయన వేదిక దిగి కారు దాకా వెనకడుగులతోనే, జనానికి నమస్కారం పెడుతూ వెళ్ళిన ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ప్రజలకు వీపు చూపించని నాయకుడని రాశారు. రెండు రోజుల్లో జిల్లా అధికారులందరూ ఆఫీసుల్లోంచి వెనకడుగులతోనే బయటికి వస్తున్నారు. మెట్ల దగ్గర ఇద్దరు పడ్డారు. ఇద్దరి బీఎంఐలూ బావున్నాయి.

యేసుదానం పాసు రెన్యువలైంది. మొదటి రోజు గేటు దగ్గర సెక్యూరిటీ అతను కార్డు చూసి, తలెత్తి పైకి చూసి, "ఎల్లండి," అన్నాడు. యేసుదానం లోపలికి వెళ్ళి, నీళ్ళలోంచి తాడు లాగి, గుంజకి తగిలించి వచ్చాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ప్రేమలీల అతను తినడం పూర్తయ్యేదాకా చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే శ్రీనివాసరావు గారు స్వయంగా ఆమె దుకాణానికి వచ్చారు. అలవాటుకొద్దీ గుమ్మంలో జాగ్రత్తగా వెనక్కి తిరిగి, వెనకడుగుతో లోపలికి వచ్చారు.

"శుభవార్తమ్మా! మంత్రిగారు ఆ సూటు విప్పడం లేదు. ఇంత హాయిగా ఏ బట్టా లేదంటున్నారు. నిన్న మంత్రివర్గ సమావేశంలో అందరూ చూశారు, ముందునుంచి. అందరికీ అదే మోడలు కావాలిట. అందరి కార్డులూ తెచ్చాను."

ఆయన కార్డులు మిషను మీద పెట్టారు. అన్నీ పచ్చవే.

"అవునూ, అడగడం మర్చిపోయాను. ఈ మోడలు మీకు ఎలా తట్టిందమ్మా?"

"మా దగ్గిర పాతదేనండి. ఎన్నో ఏళ్ళబట్టి కుడతన్నాను."

"అలాగా! మరి వేసుకున్నవాళ్ళేమంటారు? బిగుతనీ, వదులనీ..."

ప్రేమలీల సూదిలోకి దారం ఎక్కించింది.

"ఇంతవరకూ ఒక్కరూ వాపసు తేలేదండి," అంది.